చందోలు రాజులు సరే, మన ముత్తాతల మాటేమిటి?

పిట్టలవానిపాలెం చరిత్ర రాయబోయే వారెవరైనా ముందు మన మండలంలోనే ఉన్న చందోలుకు వెళతారు. అది సహజమే. పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడులు ఆ ఊరు రాజధానిగా తీరాంధ్రను ఏలారు. లింగోద్భవస్వామి గుడి ఇవాళ్టికీ ఉంది. కానీ రెండో గొంకరాజు పేరు చెప్పాక మన వ్యాసాలు కాకతీయులకు ఒక వాక్యం, కొండవీటి రెడ్లకు ఒక వాక్యం కేటాయించి, ఏకంగా 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడిన రోజు దగ్గర తేలతాయి. నడుమ ఎనిమిది వందల ఏళ్లపాటు ఈ నేలను దున్నినవాళ్లూ, నాట్లు వేసినవాళ్లూ, గొడ్లు కాసినవాళ్లూ ఎక్కడా కనబడరు. ఆ ఖాళీని పూడ్చగలిగినవి కుటుంబ కథలే. అయితే వాటిని వంశ ప్రశస్తిగా రాస్తే లాభం లేదు. సాక్ష్యానికి నిలబడేలా రాయాలి. అలా రాసిన కథే చదివిస్తుంది కూడా.

‘మావి మామూలు కుటుంబాలు, రాయడానికేముంది’ అనే మాట ముందుగా వినబడుతుంది. రాజుల కాలమే దీనికి జవాబు చెప్పింది. తీరాంధ్ర గుళ్లలోని ఆనాటి దానశాసనాలు చూడండి. అఖండదీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చామని దాత పేరు ఉంటుంది. ఆ వెంటనే ఆ గొర్రెలను తీసుకుని, కొడుకులూ మనవల తరాల దాకా రోజూ మానెడు నెయ్యి పోస్తానని ఒప్పుకున్న బోయ పేరూ ఉంటుంది. మంద కాసే మనిషి పేరు రాతి మీదికి ఎక్కింది. తర్వాత, 1821లో చనిపోయిన సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు సేకరించిన ఊరి చరిత్రలు, అంటే కైఫీయతులూ ఇలాంటివే. కరణాల దగ్గరి కవిలె కట్టలూ, పెద్దల నోటి మాటలూ కలిస్తేనే అవి తయారయ్యాయి. పిచ్చుకగుంట్లవారు ఇంటింటికీ వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పే ఆచారమూ మనదే. కాబట్టి ఇంటి కథ చెప్పుకోవడం మనకు కొత్త కాదు. దాన్ని కాగితం మీద పెట్టి, నిజమెంతో తేల్చుకోవడమే ఇప్పుడు మిగిలిన పని.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందంటారా? పాత క్రయ దస్తావేజు ఒక్కటి తెరిచి నిదానంగా చదవండి. అమ్మినవారి తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు, జీవనాధారం మొదటి వాక్యంలోనే ఉంటాయి. ఎందుకు అమ్ముతున్నారో కింద ఉంటుంది: కుటుంబ ఖర్చులకా, పూర్వపు బాకీ తీర్చడానికా అని. నాలుగు చెక్కుబందులు చెప్పేచోట తూర్పున ఎవరి చేను, పడమర ఏ బోదె, దక్షిణాన ఏ డొంక అన్నది తేలుతుంది. అంటే ఒక్క కాగితంలో ఇరుగుపొరుగు కుటుంబాలు కూడా నమోదై ఉన్నాయన్నమాట. చివర్లో దస్తూరి ఎవరిది, సాక్షులెవరు, సంతకం పెట్టిందెవరు, వేలిముద్ర వేసిందెవరు అన్నవి చూస్తే ఆ తరంలో చదువు ఎవరిదాకా వచ్చిందో అర్థమవుతుంది. మా తాత నలభై ఎకరాల ఆసామి అని చెప్పుకోవడంలో కథ లేదు. ఏ ఏడు ఏ బాకీకి ఆ పొలం చేయి దాటింది, ఆ తర్వాత ఇల్లు ఎలా గడిచింది అన్నదాంట్లో ఉంది.

కాగితం లేని ఇళ్ల సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. కౌలు రైతులకూ, కూలీలకూ దస్తావేజులు ఉండవు. వాళ్లకు జ్ఞాపకమే ఆధారం, దాన్ని కాలానికి కట్టాలి. పెద్దవాళ్లు సంవత్సరాన్ని అంకెతో కాక పేరుతో చెబుతారు. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. అందుకే పక్కన ఇంకో గుర్తు కావాలి. నందన కరువు అన్నారంటే అది 1832–33 నాటి గుంటూరు కరువే. సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువ నీళ్లు వచ్చి డెల్టాలో జొన్న, రాగి చేలు వరి మాగాణులయ్యాయి. 1864 నవంబరు నాటి బందరు ఉప్పెన, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కూడా ఇలాంటి గుర్తులే. మా వాళ్లు ఈ ఊరికి కాలువకు ముందు వచ్చారా, తర్వాతా అని అడిగితే చాలు, వలస వచ్చిన కారణం సగం తేలుతుంది. బడి రికార్డులో జూలై 1 అని ఉన్న పుట్టినరోజును మాత్రం ఇట్టే నమ్మకూడదు. చేర్చుకునే రోజున అయ్యవారు వేసిన తేదీ అయ్యుండవచ్చు.

ఇలా రాస్తే కులగొప్పలు పెరుగుతాయి, పాత తగాదాలు లేస్తాయి అనేవారి భయం ఉత్తది కాదు. ఎవరి వంశవృక్షం వాళ్లు రాజుల దాకా లాక్కెళితే జరిగేది అదే. అందుకు మందు రాయడం మానేయడం కాదు, ఆధారం అడగడం. ఆ పొలంలో పని చేసినవాళ్ల పేర్లు లేనిదే ఆసామి కథ పూర్తి కాదని ఒప్పుకుంటే గొప్పలు వాటంతటవే తగ్గుతాయి. బతికున్నవారి పరువుకు సంబంధించినవి వాళ్ల అనుమతి లేకుండా రాయకూడదు. ఇక వంశవృక్షాల్లో అసలే లేనిది ఆడవాళ్లు. ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది గనక ముత్తవ్వ ఏ ఊరి ఆడపడుచో మూడు తరాలకే మరుగున పడుతుంది. పసుపు కుంకుమల కింద ఆమెకు రాసిచ్చిన పొలం కాగితం ఉంటే అందులో ఆమె పేరు, పుట్టింటివారి పేరు దొరుకుతాయి. కథను అక్కడ మొదలుపెట్టినా తప్పులేదు.

కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ లెక్కలు ఎరిగినవారు, కాలువ పూడిక తీతలో పారపట్టినవారు ఇంకా మన మధ్య కొద్దిమందే ఉన్నారు. వారిలో ఒకరి దగ్గర కూర్చుని మీ ఇంటి గురించి నాలుగు పేజీలు రాయండి. ఏది కాగితంలో ఉంది, ఏది ఎవరు చెప్పారు అన్నది పక్కనే గుర్తు పెట్టండి. ఒక నకలు ఊరి గ్రంథాలయానికి, ఒకటి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న మనవలకు ఇవ్వండి. వీధికొక కుటుంబం ఈ పని చేసినా పిట్టలవానిపాలెం చరిత్ర చందోలు దగ్గర ఆగిపోదు.