స్పెన్సర్ పేరు - సరుకు చరిత్ర

రాజుల చరిత్ర రాసుకున్నాం, ఉద్యమాల చరిత్ర కొంత రాసుకున్నాం. అంగడి చరిత్రను మాత్రం అంగడి యజమాని అచ్చువేయించే కరపత్రానికే వదిలివేశాం. ఆ కరపత్రంలో ప్రతి దుకాణమూ ఒక మనిషి పట్టుదలకూ నిజాయితీకీ దక్కిన ప్రతిఫలంగానే కనిపిస్తుంది. మద్రాసు స్పెన్సర్ కంపెనీ విషయంలో ఈ కథ ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

1863లో మద్రాసులో అంగడి తెరిచినవాడు చార్లెస్ డ్యురాంట్. జె. డబ్ల్యు. స్పెన్సర్ తరువాత వచ్చి చేరిన భాగస్వామి. కాలక్రమాన మొదలుపెట్టినవాని పేరు జారిపోయి, వచ్చి చేరినవాని పేరు నిలిచింది. ఆ స్పెన్సరయినా ఎంతకాలం ఉన్నాడు? 1882లో వ్యాపారం యూజీన్ ఓక్‌షాట్ చేతికి వచ్చింది. ఓక్‌షాట్ తన పేరు పెట్టుకోలేదు. జనం నోట నానిన పేరు కూడా సరుకేననీ, సబ్బులతోపాటు దాన్నీ కొన్నాననీ అతనికి తెలుసు. 1895లో మౌంటు రోడ్డు మీద లేచిన ఎర్రని మేడా, 1897లో ఏర్పడిన లిమిటెడ్ కంపెనీ, రెండూ అక్కడ లేని మనిషి పేరుమీదనే వెలిశాయి. యజమాని వాటాదారుల గుంపుగా మారినకొద్దీ గుమ్మం మీద ఒక మనిషి పేరు మరింత అవసరమైంది!

ఆ మేడ ఎవరికోసం? దొరలకు, దండులోని అధికార్లకు, జమీందార్లకు. 1953 దాకా కోస్తా జిల్లాల రాజధాని మద్రాసే కనుక, హైకోర్టు వ్యాజ్యాలకు పోయిన మన కృష్ణా జిల్లా రైతులూ ఆ మేడను రోడ్డు మీద నిలబడి చూసే ఉంటారు. 1907లో బిపిన్ చంద్రపాల్ బెజవాడ, మచిలీపట్నాలలో స్వదేశీ ప్రబోధం చేసినప్పుడు విదేశీ వస్తువు అనే మాటకు వెనుక ఇలాంటి అద్దాల బీరువాలూ ఉన్నాయి.

అయితే ఇక్కడ తొందరపాటు తీర్పు కూడదు. బేరంలేని ధర, అందరికీ ఒకే చీటీ: పారిస్‌లో 1852 నుంచి బూసికో నడిపిన బాన్ మార్షే దుకాణం ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నిలబెట్టింది. చిన్న అంగళ్లను ఆ రాక్షసి ఎలా మింగిందో జోలా 1883 నాటి నవలలో చూపించాడు. చూపిస్తూనే, ఆ దుకాణంలోని చారిత్రక శక్తిని అతడు కాదనలేదు. మనవాళ్లు తరచు మరిచేది ఈ రెండో సగాన్ని. పెద్ద దుకాణాన్ని తిట్టాలనగానే పల్లెటూరి కొట్టును అన్నపూర్ణను చేసేస్తాం. నేను వత్సవాయి మెట్టలో పెరిగాను. జగ్గయ్యపేట, నందిగామ వైపు మిర్చి, పత్తి వేసే రైతు విత్తనాలూ పురుగుమందులూ ఎవరి కొట్లో అరువు తెస్తాడో, చాలాసార్లు పంట కూడా వారికే తోలుతాడు. సరుకు ధర ఆయనదే, వడ్డీ ఆయనదే, పంట ధరా ఆయనదే. మా ఇంటి పద్దు పుస్తకంలో ఏ మందుకు ఎంత పడిందో మా నాన్నకు ఏనాడూ అర్థం కాలేదు. చీటీమీద అచ్చయిన ధర ఆ పద్దుకంటే మెరుగే. ఆ కొట్లో పరువుంటే అరువు దొరుకుతుంది, ఈ మేడలో డబ్బుంటేనే గుమ్మం తెరుచుకుంటుంది. తేడా అంతే.

మళ్ళీ పేరు సంగతి. 1980ల ఆరంభంలో పాత మేడ అగ్నిప్రమాదంలో నాశనమైంది. 1989లో కంపెనీని ఆర్.పి.జి. సంస్థ తీసుకున్నది. 1996లో ఆ సంస్థే విదేశీ భాగస్వామితో కలిసి తెరిచిన కొత్త దుకాణాలకు ఫుడ్‌వరల్డ్ అని పేరు పెట్టింది. 2005లో భాగస్వాములు విడిపోయాక తన వాటాకు వచ్చిన దుకాణాలమీద మళ్ళీ స్పెన్సర్ పేరు తగిలించింది. మేడ కాలిపోయినా, దొరలు వెళ్ళిపోయినా, ఆ పేరు మాత్రం కలకత్తా పెట్టుబడిదారుకు పనికివచ్చింది. హైదరాబాదులో, విశాఖలో కూడా ఆ పేరు వెలిగింది. 2024లో లెక్క సరిపోక కంపెనీ దక్షిణాది నుంచే తప్పుకున్నది. పుట్టిన ఊళ్ళో అంగడి లేకపోయినా 1863 అన్న అంకె మాత్రం కంపెనీ చరిత్రలో భద్రంగా ఉన్నది.

మన తెలుగు వస్త్రదుకాణాలు వేరే దారి పట్టాయి. చందన బ్రదర్స్, బొమ్మన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్. దొర ఇంటిపేరు పెట్టుకుంటే, మనవారు ఉమ్మడికుటుంబాన్నే గుమ్మం మీదికి ఎక్కించారు. అన్నదమ్ములు అనగానే అది కంపెనీ కాదు, ఇల్లు అనిపిస్తుంది. కొనవచ్చినవాడు గిరాకీ కాదు, చుట్టం అనిపిస్తుంది. కొనేవారిలోనూ చీరలు మడతవిప్పి చూపేవారిలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. అయినా సిస్టర్స్ అన్న బోర్డు నా కంటపడలేదు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సెలవుల్లో బెజవాడ దుకాణమొకదానిలో పనిచేసి వచ్చింది. ఏం నేర్చుకున్నావమ్మా అంటే, "నిలబడటం మాస్టారూ" అన్నది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా, గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోకూడదట. దుకాణం అందం చెడుతుందట. అంటే ఆ పిల్ల కాళ్ళనొప్పి కూడా పేరుప్రతిష్ఠలలో భాగమే, పద్దులో మాత్రం రాయరు.

కొట్లలో పనిచేసేవారికి కూర్చునే వసతి ఉండాలని 2018లో కేరళ తన చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు సవరించింది. మౌంటు రోడ్డున స్పెన్సర్ మేడ లేచిన 126 సంవత్సరాలకు, ఆ నగరపు గుమాస్తాకు చట్టంలో ఒక కుర్చీ దొరికింది.