అక్షరం చెదరని కచేరీ

సంగీతంలో స్వరమెంతటిదో సాహిత్యమంతటిది. త్యాగరాజస్వామి కృతులలో అత్యధిక భాగం తెలుగులో ఉండడం మన భాగ్యం. అమెరికాలో పుట్టిన మన పిల్లలలో చాలామంది ఆ తెలుగును పుస్తకంలో చదివి కాక, విని నేర్చుకుంటున్నారు. కనుక ఆలయంలో జరిగే కచేరీని ఏ మైక్రోఫోనుతో భద్రపరుస్తున్నామన్నది చిన్న ప్రశ్న కాదు.

వైద్యురాలిగా ఒక మాట మనవి చేస్తాను. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. స, శ వంటి హల్లుల స్పష్టత చాలావరకు 2000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. వార్ధక్యంలో ముందుగా తగ్గేది ఈ పై స్థాయి వినికిడే. "వినబడుతోంది కాని మాట తెలియడం లేదు" అని పెద్దలు అనేది అందుకే. నాసిరకం రికార్డింగు వినేవారి స్థితి కూడా అంతే.

తొలి గ్రామఫోను రోజులలో మైక్రోఫోను లేదు. గాయకులు పెద్ద కొమ్ములోకి బిగ్గరగా పాడేవారు. సుమారు 2500 హెర్ట్జ్‌లు దాటిన ధ్వని అందులో చిక్కడం అరుదు. 1916లో ఇ.సి. వెంటె కండెన్సర్ మైక్రోఫోనును రూపొందించారు. 1925లో విద్యుత్ రికార్డింగు వాణిజ్యపరంగా మొదలై, ఆ హద్దు దాదాపు రెట్టింపయింది. అయితే మేలైన కండెన్సర్లు చాలాకాలం స్టూడియోల సొత్తుగానే ఉండిపోయాయి. 1962లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ శాశ్వత విద్యుదావేశం నిలుపుకొనే పలుచని పొరతో ఎలక్ట్రెట్ మైక్రోఫోనును నిర్మించారు. ధర సామాన్యులకు అందివచ్చింది.

ఫ్లషింగులో గణేశాలయ ప్రతిష్ఠ 1977 జూలై 4న జరిగింది. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978లో ఆరంభమైంది. అది క్యాసెట్ల కాలం. నేడు మన చేతికి అంతకంటె మేలైన సాధనాలున్నాయి.

పరిమిత ధనంతో ఏది ముందు కొనాలి? గాయకుని ఎదుట ఉండే డైనమిక్ మైకు ప్రధానంగా లౌడ్‌స్పీకరు కోసం. చిన్న మండపంలో మృదంగం సహజంగానే వినబడుతుంది గనుక మిక్సరులో దాని పాలు తక్కువ. అక్కడినుంచి తీసిన రికార్డింగులో గాత్రమే మిగులుతుంది. కాబట్టి మొదట ఒకే రకపు రెండు చిన్న కార్డియాయిడ్ కండెన్సర్లను, ఎత్తయిన గట్టి స్టాండును సమకూర్చుకోండి. ఫ్రెంచి రేడియోవారి ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో వాటి మధ్య 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీల కోణం ఉంచండి. ఆ దూరం ఇంచుమించు మన రెండు చెవుల ఎడమే! లౌడ్‌స్పీకర్లకు దూరంగా, కళాకారులకు దగ్గరగా నిలపండి. ఉన్న రికార్డరు 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు ఇస్తే దానినే ఉంచుకోవచ్చు. లేకుంటే ఇచ్చేదానిని ఎంచుకోండి.

కచేరీకి ముందు ఒక పల్లవిని రికార్డు చేసి వినండి. స, శ వేరువేరుగా వినబడితే మీ సొమ్ము సార్థకమైనట్లే. నేటి విద్వాంసుల పాట రేపు మన మనుమలకు పాఠం కావాలంటే, అందులోని మాట కూడా వారికి చేరాలి.