చవక బ్యాడ్జర్ బ్రష్షు వెనక నూరేళ్ళ కథ

క్షౌరానికి సంబంధించిన మాటలు మన భాషలో తక్కువేమీ కాదు. కత్తి ఉంది, పొది ఉంది, అడపం ఉంది, నూరే రాయి ఉంది, గాటు పడితే అద్దే పటిక కూడా ఉంది. గడ్డానికి సబ్బు నురగ పట్టించే బ్రష్షుకు మాత్రం వాడుకలో తెలుగు మాట లేదు. కుంచె అంటే చిత్రకారుడిది, లేదా గోడకు సున్నం కొట్టేవాడిది. గడ్డం బ్రష్షును కుంచె అన్నవారిని నేను వినలేదు. కారణం సులువైనదే. వస్తువు మనది కాదు. పూర్వం మన క్షురకులు అరచేత్తో నీళ్ళు తీసుకుని, గడ్డం మెత్తబడేదాకా రుద్ది, ఆపైన కత్తి పెట్టేవారు. సబ్బు లేదు కనుక నురగ లేదు. నురగ లేదు కనుక బ్రష్షు అవసరమూ లేదు.

ఆ చేతిపనికి రాజుల దగ్గర కూడా మన్నన ఉండేది. విజయనగరంలో సదాశివరాయల పేరిట అళియ రామరాయలు రాజ్యం నడిపిన రోజుల్లో, 1540ల ప్రాంతంలో, బాదామికి చెందిన కొండోజు అనే క్షురకుడి పనితనానికి మెచ్చి ఆ వృత్తివారి మీద ఉన్న పన్నులు తీసివేశారు. ఆ సంగతి చెప్పే శాసనాలు ఇటు కన్నడ సీమలోనూ, అటు తెలుగు సీమలోనూ ఉన్నాయి. బ్రష్షు, సబ్బు రెండూ తెల్లవారితో వచ్చి, ఆ తరువాతే మన పొదిలో చేరాయి.

ఈ వస్తువుకు జంతువు పేరే పెట్టుకున్న భాష ఒకటుంది. ఫ్రెంచిలో 'బ్లెరో' అంటే బ్యాడ్జర్ అనే జంతువు. గడ్డం బ్రష్షు కూడా 'బ్లెరో'యే. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఆ భాష చదువుకున్న పెద్దలకు ఈ మాట కొత్త కాదు. ఫ్రాన్సులో 18వ శతాబ్దం నడిమికి మగవాళ్ళు తమ గడ్డం తామే గీసుకోవడం మొదలైంది. పారిస్‌లో కత్తులు చేసే జాఁ-జాక్ పెర్రే 1769లో, ఎవరికి వారు గడ్డం గీసుకోవడం ఎలాగో నేర్పుతూ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. క్షురకుడి చేతి పని ఇంటికి మారేసరికి ఆ చెయ్యి చేసే పనికి ఒక పరికరం కావలసి వచ్చింది. అదే బ్రష్షు.

బ్యాడ్జరే ఎందుకు? యూరప్, ఆసియా ఖండాల చలిదేశాల్లో నేలలో బొరియలు తవ్వుకుని బతికే జంతువిది. మన అడవుల్లో ఉండే హనీ బ్యాడ్జర్ వేరే జంతువు, బ్రష్షులకు వాడే బొచ్చు దానిది కాదు. బ్యాడ్జర్ వెంట్రుక మొదట్లో తెల్లగా, నడుమ నల్లగా, కొసన మళ్ళీ తెల్లగా ఉంటుంది. నీళ్ళను బాగా పట్టుకుంటుంది, కొస మెత్తగా ఉంటుంది. పంది వెంట్రుక మొరటుది, చవకైనది. దాన్ని కొంతసేపు నీళ్ళలో నానబెట్టాలి, వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడుతుంది. అందువల్ల మొదటినుంచీ బ్యాడ్జర్ బ్రష్షు దొరల వస్తువు, పంది వెంట్రుక బ్రష్షు తక్కినవారిది. ఒకటి మన్నికను బట్టి, రెండోది ధరను బట్టి అమ్ముడుపోయేవి.

ఆ దొరల వస్తువు ఇప్పుడు మన బజారులో చవకగా దొరుకుతోంది. బళ్ళారిలో ఒక దుకాణంలో ఏడు వందల రూపాయలకు కనిపిస్తే కొని మూడు వారాలు వాడి చూశాను. పెట్టె మీద 'ప్యూర్ బ్యాడ్జర్' అని ఉంది. ప్యూర్ అంటే శ్రేష్ఠమైనదని మనం అనుకుంటాం. బ్రష్షుల వ్యాపారంలో అది అన్నిటికన్నా కింది మెట్టు. దానిమీద 'బెస్ట్', ఆపైన 'సూపర్', అన్నిటికీ పైన 'సిల్వర్‌టిప్'. తయారీదారులు ఎవరికి వారు పెట్టుకున్న పేర్లే గాని, అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ వీటి వెనక లేదు. ఒకరి 'బెస్ట్' మరొకరి 'ప్యూర్' కావచ్చు.

మొదటి రోజు కుచ్చు తడవగానే వాన్లో తడిసిన మేక వాసన వచ్చింది. సబ్బుతో రెండుసార్లు కడిగి నీడన ఆరబెడితే నాలుగో రోజుకు పోయింది. మొదటి వారం పూటకు రెండు మూడు వెంట్రుకలు ఊడాయి, తరువాత ఆగాయి. కొసలు బుగ్గ మీద కొంచెం గుచ్చుకుంటాయి. చవక బ్యాడ్జరులో నల్లని మొరటు వెంట్రుకే ఎక్కువగా ఉంటుంది కనుక అది సహజమే. గుణం కూడా చెప్పాలి. గోరువెచ్చని నీళ్ళలో ఒక్క నిమిషం ముంచితే చాలు, గట్టి సబ్బు మీద తిప్పగానే నురగ లేస్తుంది. మా బోరునీళ్ళ ఉప్పదనానికి సబ్బు కాస్త ఎక్కువ పడుతుంది గాని, నా పాత పంది వెంట్రుక బ్రష్షుకన్నా ఇది పని తొందరగా ముగిస్తుంది.

కాని ఇది నిజంగా బ్యాడ్జరేనా? వేడినీళ్ళలో ముంచి తెల్లగుడ్డ మీద ఒత్తాను. రంగు అంటలేదు. ఊడిన వెంట్రుకను కాల్చితే వెంట్రుక కాలిన వాసనే వచ్చింది. నైలానైతే కరిగి ముద్ద కట్టేది. మా వీధి సెలూనాయన ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు. ఆయన చేతికిచ్చి అడిగాను. కుచ్చు విడదీసి, అరచేతిలో తిప్పి చూసి, "వెంట్రుకే సామీ, నైలాను కాదు. యా జంతువుదనేది మాత్రం పెట్టె మీద రాసినోడే చెప్పల్ల" అన్నాడు.

ఆ మాటలో నూరేళ్ళ నాటి విషాదం ఒకటి ఉంది. చవక బ్రష్షుకు బ్యాడ్జర్ రూపం తొడగడం మన కాలంలో పుట్టిన పని కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముందు వరకు మంచి బ్యాడ్జర్ బొచ్చు రష్యా నుంచి జర్మనీ మీదుగా బ్రిటన్, అమెరికాలకు చేరేది. 1914లో యుద్ధం రాగానే ఆ దారి మూసుకుపోయింది. అదే సమయంలో బ్రష్షుల గిరాకీ పెరిగింది. లక్షలాది సైనికులకు నున్నని గడ్డం తప్పనిసరి. విషవాయువు నుంచి కాపాడే ముసుగు ముఖానికి అతుక్కోవాలన్నా గడ్డం ఉండకూడదు. అమెరికా సైన్యం తన సైనికులకు ముప్పై లక్షలకు పైగా జిల్లెట్ రేజర్లు పంచింది. రేజరు ఉన్నచోట బ్రష్షూ ఉండాలి. బ్యాడ్జర్ దొరకలేదు కనుక రష్యా, చైనా, జపాన్‌ల నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకతో బ్యాడ్జరును పోలిన చవక బ్రష్షులు తయారయ్యాయి.

ఆ వెంట్రుకలో కంటికి కనపడనిది మరొకటి ఉంది. ఆంత్రాక్స్. మన పల్లెల్లో గొర్రెలకూ పశువులకూ వచ్చే దొమ్మరోగం అదే. దాని క్రిమి ఎలా బతుకుతుందో 1876లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోఖ్ తేల్చి చెప్పాడు. పరిస్థితులు అనుకూలించనప్పుడు అది గట్టి పెంకు వంటి బీజంగా మారి, మట్టిలోనో చర్మంలోనో వెంట్రుకలోనో దశాబ్దాల తరబడి పడి ఉంటుంది. రోగంతో చచ్చిన గుర్రం తోకలోంచి వచ్చిన వెంట్రుకను సరిగా శుద్ధి చేయకపోతే ఆ బీజం కుచ్చులోనే మిగిలిపోతుంది. గడ్డం గీసుకునేటప్పుడు కంటికి ఆనని గాట్లు పడుతూనే ఉంటాయి. వాటిమీద ఈ కుచ్చుతో రుద్దితే అంతకన్నా సులువైన దారి ఆ క్రిమికి ఇంకేం కావాలి? మొదట చిన్న పొక్కు, తరువాత వాపు, నడుమ బొగ్గులాంటి నల్లని పెచ్చు. ఆంత్రాక్స్ అనే పేరే గ్రీకు భాషలో బొగ్గు అని అర్థం. మెడకూ ముఖానికీ సోకినప్పుడు అది తేలికగా ప్రాణం తీసేది. పెన్సిలిన్ ఇంకా రాని రోజులవి.

1915 నుంచి 1924 దాకా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఈ బ్రష్షుల వల్ల జబ్బుపడినవారు లెక్కకు వచ్చినవారే వందకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది సైనికులు. యుద్ధరంగానికి పోకుండానే శిక్షణ శిబిరంలో గడ్డం గీసుకుంటూ రోగం తెచ్చుకున్నవారూ అందులో ఉన్నారు. పేరున్నవారూ తప్పించుకోలేదు. 1915 నుంచి 1917 వరకు అమెరికా ప్రతినిధుల సభలో న్యూయార్క్ సభ్యుడుగా ఉన్న మైకేల్ ఫార్లీ 1921 అక్టోబరులో ఇలాగే బ్రష్షు నుంచి ఆంత్రాక్స్ సోకి చనిపోయాడు.

ప్రభుత్వాలు కదిలాయి. బ్రిటన్ 1919లో ఆంత్రాక్స్ నివారణ చట్టం చేసింది. అదే ఏడు పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి సమావేశంలోనే ఆంత్రాక్స్ నివారణ గురించి ఒక సిఫారసు చేసింది. ఉన్ని, వెంట్రుక మూటలు విప్పే కార్మికులు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఈ రోగానికి బలి అవుతున్నారు. 1920లో జపాన్ గడ్డం బ్రష్షుల దిగుమతిని బ్రిటన్ నిషేధించింది. 1921లో లివర్‌పూల్‌లో, వచ్చే సరుకును ఫార్మాల్డిహైడుతో శుద్ధి చేసే ప్రభుత్వ కేంద్రం తెరిచింది. ఆ దశాబ్దంలో అమెరికాలో తయారైన బ్రష్షుల పిడి మీద 'శుద్ధి చేయబడినది' అని ఇంగ్లీషులో ముద్ర కనిపించేది. అది గొప్ప కోసం వేసింది కాదు, భయపడ్డ కొనుగోలుదారుకు ఇచ్చిన హామీ. బ్రష్షే అక్కరలేని సబ్బు క్రీములకు కూడా అప్పుడే మంచి రోజులు వచ్చాయి. అమెరికాలో బర్మా-షేవ్ 1925లో బజారుకెక్కింది. 1938లో నైలాను వెంట్రుకలు పళ్ళ బ్రష్షులతో మొదలై, తరువాత గడ్డం బ్రష్షులకూ వచ్చాయి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల పత్రికలో 2017లో ఈ పాత కథను తిరిగి పరిశీలించారు. పాత వస్తువుల మోజుతో 1930కి ముందరి బ్రష్షులు కొని వాడేవారు ఇప్పుడు పెరిగారు. వాటివల్ల ప్రమాదం తక్కువే గాని, వాడకుండా అలమరాలో దాచుకోవడం మేలని దాని సారాంశం. తాతగారి పెట్టెలో అలాంటిది దొరికితే మనకూ అదే సలహా వర్తిస్తుంది. ఈ రోగం మనకు దూరపు కథ కాదు. ఒడిశాలో కోరాపుట్ వైపు, సరిహద్దుకు ఇవతల విశాఖ మన్యంలో, చచ్చిన పశువును కోసినచోట మనుషులకు ఇది సోకిన వార్తలు మన కాలంలోనే పలుమార్లు చదివాం.

ఇప్పటి చవక బ్రష్షుల్లో ఆంత్రాక్స్ భయం లేదు. శుద్ధి పద్ధతులు మారాయి, మందులు వచ్చాయి. ధరలోని వెలితి మాత్రం వేరేచోట పూడుతోంది. బ్రిటన్‌లో 1973 నుంచి, తరువాత 1992 చట్టం కింద, బ్యాడ్జరును చంపడం నేరం. అందువల్ల ఈనాడు బజారులో ఉన్న బ్యాడ్జర్ బొచ్చు చాలావరకు చైనా నుంచి వస్తున్నదే. అక్కడ ఇరుకు బోనుల్లో వాటిని ఎలా పెంచుతున్నారో, ఎలా కొట్టి చంపుతున్నారో 2018లో పేటా ఆసియా సంస్థ దృశ్యాలతో సహా బయటపెట్టింది. ఆ తరువాత కొన్ని పెద్ద సంస్థలు ఈ బొచ్చు వాడకం మానుకున్నాయి.

మనం వేలెత్తి చూపడానికి లేదు. చిత్రకారుల కుంచెల కోసం మన దేశంలో ముంగిసలను చంపడం చాలాకాలంగా సాగుతోంది. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమైనా, 2019లో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేయవలసి వచ్చింది. అక్కడా ఇదే సంగతి. కుంచె పట్టినవాడికి అది ఏ జంతువు వెంట్రుకో తెలియదు, లేదా తెలుసుకోవాలనిపించదు.

కొన్న బ్రష్షును పారేస్తే పోయిన జంతువు తిరిగి రాదు. అందుచేత కడిగి, కుచ్చు కిందికి వేలాడేలా ఆరబెట్టుకుంటూ అరిగేదాకా దీన్నే వాడతాను. దాని తరువాత కొనేది నైలాను కుచ్చు. ఇప్పటి నైలాను మెత్తగానే ఉంది, వెలా తక్కువే, వాసనా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టె మీద ఏం రాశారో లోపల అదే ఉంటుంది. పాఠకుల్లో ఎవరైనా చవక బ్యాడ్జర్ కొనబోతే, ధరకన్నా ముందు ఇది ఏ జంతువు వెంట్రుక, ఎక్కడినుంచి వచ్చింది, ఎలా శుద్ధి చేశారు అని దుకాణదారును అడగండి. ఆ మూడు ప్రశ్నలూ 1915లో అడిగినవారు లేకపోబట్టే శిబిరాల్లో అంతమంది కుర్రవాళ్ళు జబ్బుపడ్డారు.