లాలాగూడ దారిలో హాకీ బొమ్మల వేట

తార్నాక నుంచి లాలాగూడ వైపు నడిస్తే రైల్వే వర్క్‌షాపు గోడ ఎదురవుతుంది. నిజాం కాలపు రైల్వే కంపెనీ 1893లో పెట్టిన కార్ఖానా అది. దాని చుట్టూ క్వార్టర్లు, వాటిలో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. ఈ జంట నగరాలకు హాకీ వచ్చిన దారుల్లో ఒకటి కంటోన్మెంటు అయితే ఇంకొకటి రైలు. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ రోజూ ఈ దారిన తిరిగిన మేము, కొందరం ఆదివాసీ విద్యార్థులం, పాత హాకీ బొమ్మలు పోగు చేద్దామనుకున్నాం. నిజానికి మాకు కావలసింది ఒక్క మనిషి బొమ్మ. జైపాల్ సింగ్ ముండా.

హాకీ కార్డు అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మన హాకీ కాదు, కెనడా మంచు హాకీ. అక్కడ 1910 నాటికే సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలు పెట్టి అమ్మారు. తర్వాత బబుల్ గమ్‌తో ఇచ్చారు. 1979లో అచ్చయిన వేన్ గ్రెట్జ్‌కీ కార్డు ఒకటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. మన పిల్లలకు కూడా బబుల్ గమ్‌తో కార్డులొచ్చాయి గానీ అవి క్రికెట్‌వి. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన ఆటకు ఆ భాగ్యం కలగలేదు. ధ్యాన్‌చంద్ పోయిన ఏడాదికి, 1980లో, తపాలా బిళ్ళ వేశారు. అది దొరుకుతుంది, మా దగ్గరా ఉంది.

జైపాల్ సింగ్ ఇప్పటి ఖూంటీ జిల్లాలోని టక్రా గ్రామంలో పుట్టిన ముండా బిడ్డ. మిషనరీల చేయూతతో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయ జట్టుకు హాకీ ఆడాడు. ఐ.సి.ఎస్. శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత జట్టు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. సెలవు ఇవ్వకపోయినా వెళ్ళాడు, చివరకు ఆ ఉద్యోగమే వదులుకున్నాడు. కలెక్టరు కాగల అవకాశాన్ని ఆట కోసం కాదనుకున్న ఆదివాసీ ఆ రోజుల్లో ఇంకెవరున్నారు?

ఆ ఒలింపిక్స్‌లో భారత్ ఐదు మ్యాచ్‌లు ఆడి 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. మే 26న ఫైనల్లో హాలెండ్‌ను 3-0తో ఓడించింది. అయితే ఆ రోజు మైదానంలో జైపాల్ లేడు. జట్టులో వచ్చిన పొరపొచ్చాల వల్ల అంతకు ముందే తప్పుకున్నాడు. ఫైనల్‌కు నాయకుడు పిన్నిగర్. గెలిచిన రోజు బొమ్మల కోసం వెతికేవాళ్ళకు మొదటి స్వర్ణపు కెప్టెన్ అందుకే కనిపించడు. తర్వాత ఆయన ఆదివాసీ మహాసభను నడిపాడు, 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో నిలబడి తాను జంగ్లీనని గర్వంగా చెప్పుకున్నాడు. ఆయన బొమ్మ ఎక్కడైనా దొరికిందంటే ఈ రెండో జీవితానిదే ఎక్కువ. కర్ర పట్టుకున్న జైపాల్ అరుదు.

కెనడాలోనూ మనలాంటి కథ ఉంది. క్రీ తెగకు చెందిన ఫ్రెడ్ ససకమూస్‌ను చిన్నప్పుడే తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయి ప్రభుత్వ-చర్చి బోర్డింగ్ బడిలో వేశారు. అక్కడే హాకీ నేర్చుకుని 1953-54లో షికాగో జట్టుకు 11 మ్యాచ్‌లు ఆడాడు. ఏడిపించిన బడే ఆట నేర్పింది. మన ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు తిరగేశాం. క్రికెట్ కట్టలు కట్టలుగా దొరికింది. హాకీ పుటలు దొరికినా బొమ్మ కింద పేర్లు ఉండేవి కావు, ఉన్నా ఏ ఊరో ఉండేది కాదు. మాకు కావలసిందే ఊరు. ఛోటానాగ్‌పూర్‌లో, సుందర్‌గఢ్‌లో వెదురు కర్రలు చెక్కుకుని, మేకపోతు బహుమతిగా పెట్టి ఊరికీ ఊరికీ పోటీలాడతారు. ఆ మైదానాల నుంచి వచ్చినవాళ్ళని ఊరు లేకుండా ఎలా గుర్తుపడతాం?

చివరికి బొమ్మలు వదిలి నోటుబుక్కు పెట్టాం. పేరు, ఊరు, ఏడాది. సిమ్‌డేగా నుంచి మైఖేల్ కిండో, 1972 మ్యూనిక్ కాంస్యం, 1975 ప్రపంచ కప్. అదే సిమ్‌డేగా నుంచి సిల్వానస్ డుంగ్‌డుంగ్, 1980 మాస్కో స్వర్ణం. సుందర్‌గఢ్ నుంచి దిలీప్ తిర్కీ, మూడు ఒలింపిక్స్. 2016 రియోకు వెళ్ళిన నిక్కీ ప్రధాన్ దగ్గర మళ్ళీ ఖూంటీ అని రాయాల్సి వచ్చింది. ఆమె రైల్వే ఉద్యోగి. ఆ పేజీ రాసిన సాయంత్రం లాలాగూడ దాకా నడిచివెళ్ళి, వర్క్‌షాపు షిఫ్టు దిగేదాకా గోడ పక్కనే కూర్చున్నాం.