యానాంకు కల్యాణపురమని పేరెందుకు వచ్చింది?



ఊరుగాని ఊళ్లో, సముద్రపుటొడ్డునో కొండమీదో మండపం మాట్లాడుకుని పెళ్లి చేయడం ఈ రోజుల్లో వాడుకైంది. మండపం ఖాళీ ఉన్న రోజే ముహూర్తం. లేకపోతే పురోహితుణ్ణి బతిమాలి ఒకటి పెట్టించుకుంటారు. ఇదంతా కొత్త వింత అనుకుంటాం గానీ, 1930 తర్వాత గోదావరి జిల్లావాళ్లు పెళ్లివారిని వెంటబెట్టుకుని పరాయి ప్రభుత్వపు గడ్డకు తరలిపోయారు. ఆ గడ్డ యానాం. కల్యాణపురమనే పేరు దానికి అలా వచ్చిందని పెద్దలు చెబుతారు. పేరు వినసొంపుగానే ఉంది. దాని వెనకాల సంగతి అంత వినసొంపైనది కాదు.

పెళ్లికి రోజు చూడటమంటే మనవాళ్లకు ఎన్ని లెక్కలో మీకు తెలుసు. ఆషాఢం వద్దు, పుష్యం వద్దు, మూఢం వద్దు. తారాబలం కుదరాలి, లగ్నం బాగుండాలి. వీటన్నిటికంటే ముందు, పంచాంగంలో రాయని లెక్క మరొకటి ఉండేది. అది పిల్ల వయస్సు. రజస్వల కాకముందే కన్యాదానం జరిగిపోవాలని బ్రాహ్మణ కుటుంబాల్లోనూ, వారిని చూసి మరికొన్ని కులాల్లోనూ గట్టి పట్టుదల. ఎనిమిదేళ్ల పిల్ల గౌరి, తొమ్మిదేళ్లది రోహిణి, పదేళ్లది కన్య. పిల్లకు పన్నెండు వచ్చాయంటే తల్లికి నిద్ర పట్టదు.

ఈ ఆచారం ఎంత దూరం పోయిందో చెప్పడానికి గురజాడవారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' పీఠికలో ఇచ్చిన లెక్క చాలు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలానికి విచారణ చేయిస్తే డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు! ఆ ముగ్గురికీ బొట్టు పెట్టుకోవడం కూడా చేతకాదు గదా.

కోలారు వైపు వింటున్నవారికి ఇక్కడ ఒక మాట. మీ మైసూరు సంస్థానం ఈ విషయంలో ముందే మేలుకొంది. ఎనిమిదేళ్ల లోపు ఆడపిల్లకు పెళ్లి చేయకూడదని, యాభై దాటిన మగవాడు పద్నాలుగేళ్ల లోపు పిల్లను చేసుకోకూడదని అక్కడ 1894లోనే శాసనం వచ్చింది.

బ్రిటిష్ ఇండియాలో మాత్రం 1929 దాకా ఆగవలసి వచ్చింది. అజ్మీరుకు చెందిన హరవిలాస్ శారదా కేంద్ర శాసనసభలో తెచ్చిన బిల్లు ఆ ఏడు సెప్టెంబరులో నెగ్గింది. అదే శారదా చట్టం. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలి. అమలు తేదీ 1930 ఏప్రిల్ 1. నెగ్గిన నాటికీ, అమలుకూ మధ్య ఆరు నెలల గడువు దొరికింది. ఆ గడువులో దేశమంతటా చిన్నపిల్లల పెళ్లిళ్లు తొందర తొందరగా జరిగిపోయాయి. 1931 జనాభా లెక్కల్లో పెళ్లయిన పసిపిల్లల సంఖ్య పెరిగి కనిపించడానికి ఈ తొందర కూడా ఒక కారణం. పిల్లల్ని కాపాడటానికి పెట్టిన తేదీయే పెద్దలకు ఆఖరి ముహూర్తమైంది.

ఆ ఏడు ఉగాది వెళ్లీ వెళ్లగానే చట్టం వచ్చిపడింది. ముందున్నది వైశాఖం, జ్యేష్ఠం, అంటే అసలు పెళ్లిళ్ల కాలం. అప్పుడు గోదావరి జిల్లావాళ్ల చూపు యానాం మీద పడింది. నాలుగువైపులా ఇంగ్లీషువారి తూర్పు గోదావరి జిల్లా, నడుమ ఈ చిన్న ఫ్రెంచి ఊరు. స్థానికుల కుల కట్టుబాట్లలో జోక్యం చేసుకోబోమని ఫ్రెంచివారు 1819లోనే చెప్పి ఉన్నారు. శారదా చట్టం ఆ ఊరి పొలిమేర దాటి పోలేదు. కాకినాడవారికి రోడ్డున్నది. కోనసీమవారు ఎదుర్లంక దగ్గర గౌతమి దాటాలి. ఆ రేవులో వంతెన 2002లో గాని రాలేదు కనుక, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ పడవలోనే ఏరు దాటి ఉంటారు.

ఇంతకూ ఈ ప్రయాణం దేనికి? చట్టాన్ని మీరి చేసినా ఆ పెళ్లి రద్దయ్యేది కాదు. చేయించినవారికి మాత్రం నెల రోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అదీ ఎవరైనా ఏడాదిలోగా ఫిర్యాదు చేస్తేనే. నిజానికి శిక్షలు పడినవాళ్లు బహు తక్కువ. కోరలు లేని చట్టమని నవ్వినవాళ్లూ ఉన్నారు. అయినా గౌరవస్థుడికి కోర్టు గుమ్మమంటేనే భయం. పొరుగింటివాడితో గట్టు తగాదా ఉంటే మరీ భయం. ఆ భయానికి యానాం మందు అయింది. పెద్దల పరువు దక్కింది. ఏరు దాటినంత మాత్రాన పిల్ల వయస్సు పెరగలేదు.

ఆ పెళ్లికొడుక్కు ఏదైనా అయితే ఆ పిల్ల బతుకేమవుతుందో గోదావరి సీమకు తెలియనిది కాదు. అదే ఏటికి ఎగువన, రాజమహేంద్రవరంలో, వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. అప్పటికే ఆ ఊళ్లో కాపురమంటే ఏమిటో తెలియకుండానే ముండమోసిన పిల్లలు ఎందరో. అది జరిగి యాభై ఏళ్లు తిరగకుండానే, దిగువన పసిపిల్లల పెళ్లిళ్లకు కొత్త దారి తెరుచుకుంది. ఈ రెండూ ఒకే నీళ్లు తాగిన ఊళ్లు.

1938లో ఆ కంత పూడ్చారు. బ్రిటిష్ ప్రజలు ఇండియాలో ఏ గడ్డ మీద చేసినా చట్టం వర్తించేలా సవరించారు. పెళ్లికి ముందే ఆపమని ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకు వచ్చింది. ఆడపిల్ల వయస్సు 1949లో 15కు, 1978లో 18కి పెరిగింది.

యానాం ఫ్రెంచివారి చేతినుంచి 1954లో తప్పుకుంది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న. ఆ కాలపు ఆనవాలు మాత్రం నేటి చట్టంలోనూ ఒకటుంది. ఫ్రెంచి హయాంలో కులాచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరన్యాయం కిందికి వెళ్లిన కుటుంబాలవారిని రెనొన్సాంలు అంటారు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పుదుచ్చేరి రెనొన్సాంలకు వర్తించదని అందులోనే రాసి ఉంది.

సెలవు.