హైదరాబాద్ – తిరుపతి: విమాన దూరం, ప్రయాణ కాలం

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి, రేణిగుంట వద్దనున్న తిరుపతి విమానాశ్రయానికి మధ్య గగనతల దూరం సుమారు 420 కిలోమీటర్లు, అనగా దాదాపు 226 నాటికల్ మైళ్లు. ఇది సరళరేఖపై లెక్కించినది. విమానం నిర్దేశిత మార్గంలో పయనించి, రన్‌వే దిశకు అనుగుణంగా తిరిగి దిగవలసి ఉన్నందున వాస్తవ దూరం కొంత అధికంగా ఉంటుంది.

టిక్కెట్టుపై కనిపించే గంటా పది, గంటా ఇరవై నిమిషాలు కేవలం గాలిలో గడిపే కాలం కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినది మొదలు గమ్యస్థానంలో ఆగేవరకు గల వ్యవధి అది. ఇంత స్వల్ప దూరంలో జెట్ విమానం పూర్తి ఎత్తుకు చేరిన కొద్దిసేపటికే దిగుట ఆరంభిస్తుంది. కనుక వేగం తక్కువైన ఏటీఆర్ విమానానికీ దీనికీ కాలంలో పెద్ద వ్యత్యాసం ఉండదు.

2008 మార్చిలో సర్వీసులు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు తిరుపతికి గగనతల దూరం 20 కిలోమీటర్ల మేర తగ్గినది. అయినను సికింద్రాబాద్ వాసికి కలిసివచ్చినది లేదు. విమానాశ్రయానికి రోడ్డు ప్రయాణం అంతకు మించి పెరిగినది.

‘గంటలో తిరుపతి’ అను శీర్షిక ఆకర్షణీయమే గాని, దానిని నమ్మి దర్శన వేళ నిర్ణయించుకున్న యాత్రికుడు టిక్కెట్టు ఉండీ సమయం దాటి చేరగలడు. ముందస్తు హాజరు, తనిఖీ, రేణిగుంట నుంచి తిరుపతికి సుమారు 15 కిలోమీటర్లు, అలిపిరి తనిఖీ, వేగ నియంత్రణ గల ఘాట్ రోడ్డు కలుపుకొని సికింద్రాబాద్ నుంచి కొండపైకి ఆరు గంటలు లెక్కించుట క్షేమం. పర్యటన కార్యక్రమాలు రూపొందించు అధికారులకూ ఇదే వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ రైలుకు తొలుత నిర్ణయించిన ప్రయాణ కాలం, తిరుపతి స్టేషను వరకే, ఎనిమిదిన్నర గంటలు.