చేయి పట్టిన చెలిమి



కనుచూపు లేని బిడ్డయో, కాలు సాగని బిడ్డయో యింట నుండినచో, “వీనికి బడి యెందులకు?” అను మాట మన యూళ్లలో నిప్పటికిని వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నకు సమాధానముగా ఫ్రాన్సు దేశపు చరిత్రలోని యొక వృత్తాంతమును మీకు మనవి చేసెదను.

పారిసు నగరమునకుఁ దూర్పున కూవ్రే యను చిన్న గ్రామము కలదు. అచట 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిలు జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాఁడు. మూఁడేండ్ల ప్రాయమున నా బాలుఁడు తండ్రి పనిముట్లతో నాడుకొనుచుండఁగా మొనగల యారె కంటికి గ్రుచ్చుకొనెను. ఆ పుండు రెండవ కంటికిని ప్రాఁకెను. కొలఁది కాలములోనే చూపు పూర్తిగా పోయెను.

ఆ దినములలో నంధులకుఁ బెక్కుచోట్ల భిక్షాటనమే గతి. కాని యా తల్లిదండ్రులు బిడ్డను మూలఁ గూర్చుండఁబెట్టలేదు. ఊరి మతగురువు జాక్ పల్వీ యతనికిఁ బాఠములు చెప్పి, గ్రామ పాఠశాలలోఁ జేర్పించెను. తోడి బాలుఁడొకఁడు ప్రతిదినము నింటికి వచ్చి చేయి పట్టుకొని బడికిఁ దోడ్కొనిపోవుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. పుస్తకము చదువలేని యా బాలుఁడు, విన్నది మనసున నిలుపుకొని, కన్నులున్నవారితో సమానముగా నేర్చెను.

1819లో, పదియేండ్ల వయసున, లూయీ పారిసునందలి యంధవిద్యాలయమునఁ జేరెను. అచట గాబ్రియేల్ గోత్యే యను సహాధ్యాయి యతనికి జీవితాంతము ప్రాణమిత్రుఁడయ్యెను. షార్ల్ బార్బియే కల్పించిన పండ్రెండు చుక్కల వ్రాతను లూయీ యాఱు చుక్కలకుఁ గుదించి, పదునైదేండ్ల ప్రాయముననే, 1824 నాఁటికి, వ్రేలికొనతోఁ జదువఁదగిన లిపిని రూపొందించెను. 1829లో దానిని పుస్తకరూపమునఁ బ్రకటించెను.

అటుపిమ్మట 1840 ప్రాంతమున విద్యాలయపు క్రొత్త యధికారి యా లిపిని నిషేధించెను. లిపి యంతరింపవలసినదే. కాని విద్యార్థులు దానిని విడువక, రహస్యముగా నొకరి కొకరు నేర్పుకొనిరి. తుదకు 1844లో సభాముఖమున దాని ప్రయోజనము నిరూపింపఁబడెను. లూయీ 1852లో మరణించెను. 1854లో ఫ్రాన్సు ప్రభుత్వము దానిని స్వీకరించెను. మన దేశభాషలకు సైతము 1951లో భారతీ బ్రెయిలు ఏర్పడెను. నేఁడు తెలుఁగు బాలలు నా యాఱు చుక్కలలోనే తెలుఁగు చదువుచున్నారు.

అయ్యలారా, యోచింపుఁడు. లూయీ ప్రతిభ యతనిదే. కాని గ్రామపు బడి తలుపు మూసియుండినచో, తోడివాఁడు చేయి యందింపకుండినచో, ఆ ప్రతిభ యేమై యుండును? వికలాంగులైన బాలలు తోడివారితోఁ గలసి చదువవలెనని మన దేశమున 2016వ సంవత్సరపు చట్టము శాసించుచున్నది. చట్టము బడిలోఁ జోటు కల్పింపఁగలదు గాని, ఆటలోఁ గలుపుకొనుట, ప్రక్కనఁ గూర్చుండుట, దారిలోఁ దోడు నడచుట పిల్లల చెలిమి వలననే సాధ్యము. ఆ చెలిమిని నేర్పవలసినవారము మనము.

మీ యూరిలో బడికిఁ బోని యట్టి బిడ్డ యున్నచో, రేపు ఉదయమున నా యింటికి వెళ్లి, మీ మనుమనిచేత వాని చేయి పట్టించి బడికిఁ బంపుఁడు. ఇదియే నా ప్రార్థన.